రెండంగుళాల గాలి

ఆ పానా కింద పెట్టు నాయనా. పెట్టి నా మాట విను. నువ్వు బిగించిన ఆ రెక్క పుణ్యమా అని మా ఆయన బండి అమ్మేస్తున్నాడు. ఎప్పుడో కాదు, ఇవాళే. కొనేవాడు నాలుగింటికి మా ఇంటికొస్తున్నాడు.

నవ్వకు. నా నోట్లో పడిన దోమ ఏనుగై బయటికొస్తుందని మా వీధిలో చెప్పుకుంటారు, అది నాకూ తెలుసు. కానీ ఇది దోమ కాదు, పుట్టుకతోనే ఏనుగు. అదిగో, ఆయన బండి కాగితాలు పట్టుకుని ఎదురుగా జిరాక్సు కొట్టుకి పోతున్నాడు చూడు. ఆ కొట్టువాడు కాగితం పెట్టడానికొక గంట, తీయడానికొక గంట. మనకదే అదును. ఆయన తిరిగొచ్చేలోపు నువ్వు నాకొక పని చేసిపెట్టాలి.

ఏం పనా? చెబుతాను. ముందు ఆ స్టూలు ఇటు జరుపు. నిలబడి చెప్పే సంగతి కాదిది.

నువ్వు ఆయన్ని ఎప్పుడూ బండి మీదే చూశావు కాబట్టి చెబుతున్నా. ఆయన బోర్డులు రాసే పెయింటరు. ఎంత ఎత్తు బోర్డైనా నిచ్చెన లేకుండా రాసేవాడు. తోటి పెయింటర్లంతా తాడిచెట్టు అని పిలిచేవాళ్లు. మా పెళ్లయిన కొత్తలో ఆయన ముఖం చూడాలంటే నేను రెండో అంతస్తు ఎక్కాల్సి వచ్చేది. సరే, రెండో అంతస్తు కాదు, గుమ్మం ముందు మెట్టు. మెట్టెక్కితే గడ్డం దాకా అందేదాన్ని.

నేనేమో దర్జీని. పక్క ఊరి పెద్దాసుపత్రిలో నర్సులు తొడుక్కునే కోట్లన్నీ నా మిషను మీద పుట్టినవే. వారానికి రెండుసార్లు మూట కట్టుకుని పోయి ఇచ్చి రావాలి. పోను నలభై కిలోమీటర్లు, రాను నలభై. నలభై మూడేళ్లుగా అదే రోడ్డు. మూడు బండ్లు మారాయి. ముందున్న వీపు మారలేదు, వెనకున్న నోరు మారలేదు.

బస్సులో పోవచ్చు కదా అంటావా? మా అబ్బాయీ అదే అన్నాడు. మూట బస్సులో పోతుంది నాయనా, నాకు తెలియదా. మూట సంగతి కాదిది.

మా ఇల్లు చూస్తే నీకు అర్థమవుతుంది. ముందుగదిలో నా మిషను. దాని పక్కనే మా కోడలి ట్యూషను, నలభై మంది పిల్లలు. పోనీ పదకొండు మంది, కానీ నలభై నోళ్లు. వెనకగదిలో మా అబ్బాయి ఫోను పట్టుకుని ఆఫీసు మొత్తాన్నీ తిడుతుంటాడు. ఆ ఇంట్లో మా ఆయన రోజుకి నాలుగు మాటలు మాట్లాడతాడు. టీ. తువ్వాలు. కళ్లజోడేది. ఊఁ. నాలుగోది మాట కిందకొస్తుందో రాదో నువ్వే చెప్పు.

అదే మనిషి, హెల్మెట్ పెట్టుకుని ఊరి పొలిమేర దాటాడంటే ఇక ఆగడు. నా ముఖం కనపడకపోతే ధైర్యమొస్తుందేమో మరి. నేను ఆయన కుడి చెవి వెనక చేరి ఒకటంటాను, ఆయన తల కాస్త పక్కకు తిప్పి రెండంటాడు. మా అమ్మాయి పెళ్లి ఖాయం చేసుకున్నది పన్నెండో కిలోమీటరు రాయి దగ్గర. ఇల్లు కొందామనుకున్నది రైలు గేటు పడినప్పుడు. కోడలితో పోట్లాడనని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నది వంతెన మీద. వంతెన దిగకముందే ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాననుకో, అది వేరే సంగతి.

ఇప్పుడు తెలిసిందా? బండి పోతే నాకు పోయేది బండి కాదు. నాతో మాట్లాడే మొగుడు పోతాడు. టీ, తువ్వాలు, కళ్లజోడు, ఊఁ. వాటితో మిగిలిన జన్మంతా ఎట్లా వెళ్లదీయను చెప్పు?

అసలీ తంటా తెచ్చింది మా అల్లుడు. మంచివాడే. మామగారి ఛాతీకి చలిగాలి తగలకూడదని పోయిన వానాకాలంలో బండి ముందు ఇంత పెద్ద గాలి అద్దం బిగించి తెచ్చాడు. తలుపంత అద్దం. ఛాతీకి గాలి తగలడం మానేసిన మాట నిజమే. కానీ తగలడం మానేసిన గాలి ఎక్కడికి పోతుంది? అద్దమెక్కి, అంచు దగ్గర కాలు జారి, తిన్నగా వచ్చి ఆయన హెల్మెట్ మీద పడేది. వేగం అరవై దాటితే చాలు, లోపల డప్పులు. నేను చెవిలో అరిచినా ఆయనకి వినపడదు. ఆయన అరిచేది గాలి ఎత్తుకుపోయి వెనక లారీవాడి ఒళ్లో పడేసేది. ఒకసారి నేను దాహమేస్తోంది ఆపండి అంటే ఆయనకేం వినపడిందో ఏమో, ఇంకో ఇరవై కిలోమీటర్లు ఆపలేదు.

అప్పుడొచ్చాను కదా నీ దగ్గరికి, నేనొక్కదాన్నే, ఫోనులో ఆయన బండి మీద కూర్చున్న ఫొటో పట్టుకుని. నువ్వేదో డిఫ్లెక్టరన్నావు. పేరు విని ఏదో విమానం ముక్క అనుకున్నాను, తీరా చూస్తే అరచేతి వెడల్పు అద్దం రెక్క. పెద్దద్దం నెత్తిన రెండు బిగింపులతో తగిలిస్తే గాలి ఆ రెక్కెక్కి తల మీదుగా దాటిపోతుంది అన్నావు. రెక్క ఎత్తు మాత్రం మనిషిని బట్టి ఉండాలన్నావు. అంచు కంటికి కాస్త కిందుండాలి, అందుకని ఆయన్ని తీసుకురండి, బండి మీద కూర్చోబెట్టి కొలుస్తాను అన్నావు.

నేనేమన్నాను? గుర్తుందా నీకు? నలభై మూడేళ్లుగా ఆయన ఒంటిని కొలుస్తున్నదాన్ని, నిద్రలో లేపి అడిగినా చెబుతాను, మధ్యలో నీ టేపెందుకు అన్నాను. కొలతల పుస్తకం తీసి, ఆయనకి వానకోటు కుట్టినప్పుడు బండి మీద కూర్చోబెట్టి తీసిన కొలత చూసి చీటీ రాసిచ్చాను. సీటు నుంచి కంటి దాకా ముప్పై మూడంగుళాలు. నువ్వు పాపం నమ్మావు. మర్నాడు ఆయన బండి తెస్తే చీటీ ప్రకారం బిగించి పంపావు.

ఇక చూసుకో నా సామిరంగా. అంతకుముందు గాలి ఎదురుగా వచ్చి కొట్టేది, కనీసం ముఖం చూసి కొట్టేది. ఇప్పుడేమో తల మీదుగా మూరెడు ఎత్తున పోయి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగొచ్చి, మెడ మీద మొట్టికాయలు వేయడం మొదలెట్టింది. మొదటిసారి ఆయన బండి ఆపి, వెనక్కి తిరిగి, ఎందుకు తోస్తున్నావని నన్నే అడిగాడు. నా చేతులు రెండూ మూట మీదున్నాయి.

అదొక్కటే అయితే సరిపెట్టుకునేవాళ్లం. రోడ్డు రెండుగా కనపడుతోందన్నాడు. పైన సగం ఒకలా, కింద సగం ఒకలా. మధ్యలో గీత. కళ్లు పోయాయనుకున్నాడు. కళ్ల డాక్టరు దగ్గరికి పోతే గోడ మీది అక్షరాలన్నీ చదివించి, మీ చూపుకేం ఢోకా లేదన్నాడట. ఆ మాటకి సంతోషించాలా వద్దా? లేదు. కళ్లు బాగుంటే మరి తలే చెడింది అన్నాడు. మెడ నిలవడం లేదు, రోడ్డు గీతలు గీతలుగా కనపడుతోంది, చెవులు హోరెత్తుతున్నాయి, ఇక నేను బండికి పనికిరాను అన్నాడు. వెనక నిన్ను కూర్చోబెట్టుకుని ఎక్కడో పడేస్తే నలుగురికీ ఏం చెప్పుకోను అన్నాడు.

ఆ మాట ఇంట్లో అన్నాడు నాయనా, మిషను పక్కన నిలబడి, పదకొండు మంది పిల్లల ముందు. అప్పుడే నాకు భయమేసింది. అంత పెద్ద మాట ఇంట్లో అనే మనిషి కాదు.

వారం తిరక్కుండా కొనేవాణ్ణి వెతికాడు.

నేనూరుకుంటానా? నాకు గాలి శాస్త్రం తెలియదు కానీ, గుడ్డ ఎటు లాగుతోందో దారాన్ని చూస్తే తెలుస్తుంది. నిన్న పొద్దున ఎర్రదారం బెత్తెడు బెత్తెడు ముక్కలు కత్తిరించి అద్దం మీద, రెక్క మీద, ఆయన హెల్మెట్ చుట్టూ, భుజాల మీద టేపుతో అంటించాను. వెయ్యి ముక్కలు. ఏం, వెయ్యి కావా? ముప్పై, సరేనా. వీధిలో వాళ్లంతా బయటికొచ్చి చూశారు. పక్కింటావిడ, మీ ఆయనకి ఈకలొచ్చాయేంటి వదినా అంది. ఆయనేమో, పోయే బండే కదా, నీ సరదా ఎందుకు కాదనాలి అన్నట్టు కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూడలేక గబగబా వెనక ఎక్కేశాను.

హైవే ఎక్కాం. అరవై దాటాక చూస్తే, అద్దం మీది దారాలు బుద్ధిగా పైకి పడుకున్నాయి. రెక్క మీదివీ అంతే. హెల్మెట్ వెనకవి మాత్రం, వెనక్కి ఎగరాల్సినవి, ముందుకి తిరిగి ఆయన చెవులు వాయిస్తున్నాయి. గాలి వెనకనుంచి వస్తోందని అప్పుడు కళ్లారా చూశాను.

కొంచెం లేవండి అని వీపు మీద చరిచి పైకి ఎగదోశాను. ఫుట్‌రెస్టుల మీద కాళ్లు ఆనించి సీటు మీంచి కాస్త లేచాడు. ఎక్కువ కాదు, రెండంగుళాలు. అంతే. దారాలన్నీ ఒక్కసారి చదునుగా పడుకున్నాయి. హోరు ఆగిపోయింది. ఎంత నిశ్శబ్దమంటే, నేను ఆయన చెవి వెనక గొణుక్కుంటున్నది నాకే వినపడి సిగ్గేసింది. ఏం గొణిగానో అడక్కు. మొండి ముసలాడు అన్నాను, అంతే.

ఆయన తల పక్కకి తిప్పి, "ఎవరే ముసలాడు?" అన్నాడు.

ఎన్ని నెలలైందో తెలుసా ఆ గొంతు బండి మీద విని? నాకు నవ్వూ వచ్చింది, ఇంకోటీ వచ్చింది. ఆయన మళ్లీ సీటు మీద కూర్చున్నాడు. హోరు మళ్లీ మొదలైంది. చూశావా, నిలబడి తోలితే తప్ప పనికిరాకుండా పోయానని ఆయన గట్టిగా అరిచాడు.

ఆయనకి అట్లా అర్థమైంది. నాకు వేరేగా అర్థమైంది.

అందుకని ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని ఇదీ. ఆ బిగింపులు వదులు చేసి రెక్కని రెండంగుళాలు కిందకి దించు. అప్పుడు అంచు కంటికి అడ్డం రాదు, గాలి తల అంచునే తాకీ తాకనట్టు దాటిపోతుంది. పెద్దద్దం అడుగున కూడా వాషర్లు వేసి కాస్త సందు వదులు. కిందనుంచి కొంచెం గాలి వస్తే, పైనది వెనక్కి తిరిగి రావలసిన పని ఉండదు. ఎట్లా తెలుసంటావా? చొక్కా పూర్తిగా బిగించి కుడితే వీపు ఉబ్బుతుంది, చంక కింద కాస్త వదిలితే చదునుగా పడుతుంది. అద్దమైతే మాత్రం వేరేనా?

ఏంటీ? చీటీ ప్రకారం లెక్క సరిగ్గానే ఉందా? ఉంటుంది. చీటీకేం, చక్కగా ఉంటుంది.

వద్దు. ఆయనొచ్చాక టేపు పెట్టి కొలుస్తాననకు. ఆ టేపు ముందు లోపల పెట్టు. డ్రాయరులో కాదు, ఇంకా లోపల. ఆయన కంటపడకూడదు.

ఎందుకంటే... అటు చూడు, వస్తున్నాడేమో. రాలేదు కదా. సరే.

మా మామగారు కూడా ఈయనంత పొడుగు నాయనా. చివరికొచ్చేసరికి ముడుచుకుని ముడుచుకుని బడిపిల్లాడంత అయిపోయారు. ఈయనే ఎత్తుకుని కుర్చీలో కూర్చోబెట్టేవాడు. అట్లాంటి రోజుల్లో ఒకరోజు, ఆసుపత్రికి కోట్లు ఇచ్చి వస్తుంటే, వంతెన మీద ఈయన ఒక మాటన్నాడు. "నేనిట్లా తరగడం మొదలుపెడితే నాకు చెప్పకు." తల పక్కకి కూడా తిప్పలేదు. అట్లాగేనండీ అన్నాను. వంతెన మీద పెట్టిన ఒట్లలో నేను నిలబెట్టుకున్నది అదొక్కటే.

ఆరేళ్లయింది మొదలై. ముందు చొక్కాలు చెప్పాయి నాకు. కాళ్లు అంతే ఉన్నాయి, చేతులు అంతే ఉన్నాయి. ప్యాంట్లు సరిపోతున్నాయి, చొక్కాలు మాత్రం పొడుగయ్యాయి. చొక్కా పొడుగవదు కదా. ఆసుపత్రిలో డాక్టరమ్మని అడిగితే, జబ్బేం కాదమ్మా, వయసుకి వెన్నెముక పూసలు ఒకదాని మీదొకటి కూర్చుంటాయి అంది. కూర్చోనీ, అలిసిపోయి ఉంటాయి అనుకున్నాను.

ఉతికిన చొక్కా ఇస్త్రీకి పోయేలోపు, అంచు విప్పి అర అంగుళం మడిచి మళ్లీ కుట్టేదాన్ని. ఒకసారి ఒక చొక్కా, ఇంకోసారి ఇంకోటి. ఆయన గడ్డం గీసుకునే అద్దం మేకు కాస్త కిందకి కొట్టాను. హెల్మెట్ తగిలించే కొక్కెం, గోడ గడియారం, ఆయన రంగు డబ్బాలు పెట్టుకునే గోడకి కొట్టిన బల్ల, అన్నీ. ఒక్కో ఏడు ఒక్కోటి. ఇప్పుడు మా ఇంటికొచ్చి చూస్తే ఇల్లు మొత్తం రెండంగుళాలు దిగిపోయి ఉంటుంది. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు. టేపు తెచ్చుకుని కొలుచుకో. ఆయన లేనప్పుడు రా.

అర్థమైంది కదా? మరి అన్నీ తెలిసినదాన్ని చీటీ మీద పాత కొలత ఎందుకు రాశానంటావు. మరిచిపోయానని చెబుదామనుకున్నాను నీకు. వస్తూ దారంతా అదే అనుకున్నాను.

మరిచిపోలేదు నాయనా. ముప్పై ఒకటి అని రాయడానికే కలం పెట్టాను. నువ్వు ఎదురుగా నిలబడి ఆ ఫొటో చూస్తూ, మీవారు మంచి పొడుగండీ అన్నావు. అన్నావు, గుర్తులేదా? అట్లా అన్నవాడి ముందు రెండంగుళాలు కోసి ఎట్లా రాయను? ముప్పై మూడని రాశాను. చేయి గర్వంగా రాసింది. ఆ గర్వం ఆయన మెడ మీద మొట్టికాయలై పడింది, రోడ్డు రెండు ముక్కలైంది, కళ్ల డాక్టరు, కొనేవాడు, అంతా ఆ ఒక్క చీటీ నుంచే. తాడిచెట్టుని తాడిచెట్టుగానే ఉంచుదామని నేను చేసిన నిర్వాకమిది.

ఆఁ, విప్పుతున్నావా. విప్పు విప్పు. ఇంకాస్త కిందకి. ఇంకా. పాత గుర్తుకీ అంచుకీ మధ్య నా వేలి కణుపులు రెండు పట్టాలి. అదిగో, అక్కడ. వాషరు మరిచిపోకు.

ఇక ఆయనకి ఏం చెప్పాలన్నది ఒకటుంది. నీ పొరపాటని చెబుతావేమోనని ఆశపడ్డాను... చెప్పవు కదా. అవునులే, నీ కొట్టు పేరు పోతుంది. రేపు ఇంకొకరికి ఎట్లా బిగిస్తావు. కందకి లేని దురద కత్తికెందుకు.

పోనీ నా తప్పని చెప్పు. దర్జీ ముసల్దానికి చూపానక, పుస్తకంలో వేరేవాళ్ల కొలత చూసి చీటీ రాసిచ్చిందని చెప్పు. మీ కళ్లూ మెడా దివ్యంగా ఉన్నాయి, చెడిందల్లా ఆవిడ చూపే అని చెప్పు. ఎందుకట్లా చూస్తావు? నలభై మూడేళ్లలో నా కొలత తప్పిందన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఇవాళ పుడతాడు, ఏం చేస్తాం.

వస్తున్నాడు, వస్తున్నాడు. బిగించు. ముఖం మామూలుగా పెట్టు, జాలిగా చూడకు, ఆయన ఇట్టే పట్టేస్తాడు.

ఏమండీ, ఇట్లా రండి. ఈ అబ్బాయి ఏదో అంటున్నాడు. అదే, నేనిచ్చిన చీటీ తప్పట. వేరేవాళ్ల కొలత రాసేశానట, రెక్క అందుకే ఎత్తుగా కూర్చుందట. అవునండీ, నేనే. నా చేత్తోనే. కావాలంటే ఒక్కసారి హైవే దాకా పోయి చూసి రండి, ఆ కాగితాల సంగతి తర్వాత చూద్దాం... ఇప్పుడేనా? నేనూ ఎక్కాలా?

చూశావా నాయనా ఆ నవ్వు. కాగితాలు మడిచి నా మూటలో కుక్కేశాడు. నలభై మూడేళ్లుగా నా తప్పొకటి దొరకాలని కాచుకున్న మనిషి, ఇక పోను నలభై, రాను నలభై, బతికినన్నాళ్లూ ఇదే పాట పాడతాడు. నువ్వు బిగించిన బిగింపుకి ఇప్పుడు గాలి కూడా అడ్డం రాదు, ఒక్కో మాటా గుడిగంటలా వినపడుతుంది. సరే కానీ, నాకు చెయ్యందించు, బండెక్కాలి.